ఉప్పుపాక దగ్గర నక్కమొగం

పొద్దు పడమటి కొండ వెనక్కి దిగిందంటే ఉప్పుపాక వైపు ఎవరూ పోరు. గాడిదలు కూడా పోవు. పగ్గం పట్టి లాగినా, తోక మెలిపెట్టినా, నాలుగు కాళ్లూ ఇసుకలో పాతేసి నిలబడతాయి.

పాక అంటే పెద్దదేం కాదు. నాలుగు గుంజలు, పైన ఖర్జూరపు మట్టలు, చుట్టూ చాపలు. చనిపోయినవాళ్లని అక్కడే చవుడుప్పులో పెట్టి ఎండబెడతారు. పగలంతా ఉప్పు పెట్టేవాళ్ల పాటలు, తిట్లు, ఈగలు. సాయంత్రానికి వాళ్లూ చేతులు కడుక్కుని ఇళ్లకి పోతారు. ఆ తర్వాత అక్కడ ఎవరుంటారన్నదే గొడవ.

వెన్నెల లేని రోజుల్లో చాపల వెనక ఎవరో గాలి పీలుస్తూ తిరుగుతారట... కుక్క వాసన చూసినట్టు. వడ్రంగి ఒకడు ఆ దారిన వస్తుంటే చీకట్లోంచి ఒక గొంతు, “నీ గుండె ఏదీ?” అని అడిగిందట. వాడు రెండు చేతులూ రొమ్ముకి అదుముకుని పరిగెత్తాడు. ఇల్లు చేరాక కూడా చేతులు తీయనంటే, పెళ్లాం రొట్టె తుంచి నోట్లో పెట్టాల్సి వచ్చింది.

నవ్వొచ్చే మాటే. నవ్వినవాణ్ణి రాత్రిపూట ఒక్కసారి ఆ దారిన పోయి రమ్మనండి, చూద్దాం.

తమీత్ పోయింది. సరదాకి కాదు. నీళ్ల కోసం.

తమీత్‌కి కింది కాలువ పక్కన చిన్న ఉల్లి మడి ఉంది. మొగుడు రాతి గనిలో బండ కింద పడి పోయాక ఆమెకి మిగిలింది ఆ మడీ, గొంతూ. గొంతంటే ఏడుపు గొంతు. ఊళ్లో చావు జరిగితే ఆమే, ముసలి హునురో కలిసి జుట్టు విరబోసుకుని, నెత్తిన దుమ్ము పోసుకుని, పాడె ముందు ఏడుస్తూ నడవాలి. కూలి ఏడుపు. చావులు లేని నెలల్లో ఉల్లి, ఉల్లి లేని నెలల్లో చావులు... అలా బతుకు నెట్టుకొస్తోంది. ఈసారి చావులూ లేవు. ఉల్లి చూస్తే మళ్లోనే మాడిపోతోంది.

ఎందుకు మాడిందంటే — గుడి ద్రాక్షతోట పెత్తందారు పై కాలువకి అడ్డంగా మట్టికట్ట వేయించాడు. “దేవుడి ద్రాక్ష ముందు తాగనీయండి. మిగిలింది మీకు వదులుతా,” అన్నాడు. ఆ దేవుడి ద్రాక్షకి ఏం దాహమో, ఎంత తాగినా తీరలేదు. తోటలో నీళ్లు పాదుల మీదుగా పొర్లి బురదగుంటలయ్యాయి. కింద పేదల మళ్లు నెర్రెలు విచ్చాయి.

నీళ్లు ఆపేవాడికంటే దొంగ నయం. దొంగ ఒక్క ఇంట్లో దూరతాడు. వీడు ఒక్క కట్ట వేసి అన్ని ఇళ్లలోనూ దూరతాడు, అన్ని పొయ్యిల్లోనూ నీళ్లు పోస్తాడు. దూరినట్టు కనపడడు కూడా.

ఆ కట్ట వేసిందీ, దానికి కాపలా కాసేదీ నఖీ. పరాయివాడు కాదు, కింది మళ్ల మధ్య పుట్టినవాడే. హునురో ఎత్తుకుని తిప్పిన పిల్లాడే. పెత్తందారు చేతికి కర్ర ఇచ్చేసరికి వాడి మెడ కిందికి వంగడం మర్చిపోయింది. ఆడవాళ్లంతా కలిసి పోయి అడిగారు.

“రేపు రండి,” అన్నాడు.

“నిన్నా రేపన్నావు కదరా,” అంది హునురో.

“ఇవాళా అదే అంటున్నాగా అత్తా. మాట మార్చే మనిషిని కాను.”

“చచ్చాక ఈ మాటే చెప్పు, ఆ తక్కెడ దగ్గర. అమ్మిత్ కూడా నవ్వుతుంది.”

తక్కెడ సంగతి ఎవరికి తెలియదు? కన్ను మూశాక నక్కమొగం అనుబిస్ స్వామి వచ్చి చెయ్యి పట్టుకుని తీర్పు చావడికి నడిపిస్తాడు. గుండెని తక్కెడలో వేసి, న్యాయం చూసే మాత్ అమ్మవారి ఈకతో తూస్తాడు. ‘నేను అది చేయలేదు, ఇది చేయలేదు’ అని ఒక్కొక్కటీ చెప్పుకోవాలి. అబద్ధమాడితే సొంత గుండే సాక్ష్యం చెబుతుంది. అలాంటి గుండెల్ని మింగడానికి మొసలిమూతి అమ్మిత్ పక్కనే నోరు తెరుచుకుని కూర్చుని ఉంటుంది.

నఖీ నవ్వాడు. “నాకేం దిగుల్లేదత్తా. చెప్పాల్సినవన్నీ లేఖకుడి చేత బొమ్మలతో సహా రాయించుకున్నా. ఇంట్లో పెట్టెలో ఉంది ఆ రాతచుట్ట. మీలాగా నోటికి నేర్చుకునే ఖర్మ నాకేంటి?”

అదీ వాడి గొప్ప. రాయించుకోలేని పేదవాళ్లు ఆ మాటల్ని పిల్లప్పుడే నోటికి పట్టిస్తారు. తమీత్ అయితే కలుపు తీస్తూ కూడా గడగడా చెప్పేస్తుంది.

ఆ రాత్రి తమీత్ పార భుజాన వేసుకుంది. మూటలో రొట్టె, ఒక ఉల్లిపాయ కట్టుకుంది. గుమ్మంలో హునురో అడ్డం నిలబడింది.

“ఒసే, కట్టకి పోవాలంటే ఉప్పుపాక దాటాలి.”

“తెలుసు పిన్నీ.”

“కట్టకి గండి కొడితే ముక్కు కోస్తారు. అదీ తెలుసా?”

“మడిలో ఉల్లి పోయాక ముక్కెందుకు పిన్నీ... ఏం వాసన చూడ్డానికి?”

హునురో పక్కకి తప్పుకుంది.

చంద్రుడు లేడు. ఇసుక మాత్రం తనలోంచే కొంచెం వెలుగు వస్తున్నట్టు తెల్లగా ఉంది. గాలి లేదు. దూరంగా కాలువలో కప్పలు... పాక దగ్గరికి వచ్చేసరికి అవీ ఆగిపోయాయి.

తమీత్ కళ్లు నేల మీద పెట్టి నడిచింది. చాపల వైపు చూడకూడదనుకుంది. చూడలేదు.

వినపడింది.

చాప వెనక... ఎవరో గాలి పీల్చారు. పొడుగ్గా. తీరిగ్గా. మళ్లీ పీల్చారు. ఈసారి దగ్గరగా.

ఆమె ఆగింది. ఆ చప్పుడూ ఆగింది.

చాప మెల్లగా పక్కకి జరిగింది. నక్షత్రాలకి అడ్డంగా రెండు చెవులు లేచాయి — పొడుగ్గా, నిటారుగా. వాటి కింద సన్నటి మూతి. దాని కింద... మనిషి భుజాలు.

‘చచ్చిపోయాను’ అనుకుంది తమీత్. ‘ఎప్పుడు చచ్చానో తెలియనే లేదే’ అని కాస్త చిరాకు కూడా పడింది. పార కింద పడేసి, మోకాళ్ల మీద కూలబడి, కళ్లు మూసుకుని అందుకుంది.

“నేను దొంగతనం చేయలేదు. నేను ఎవరి గట్టూ జరపలేదు. నేను ఎవరినీ ఏడిపించలేదు...” నాలుక తడబడింది. “కూలికి ఏడిపించాను అయ్యా. అది పని. అది లెక్కలోకి రాకూడదు.”

ఎదురుగా మళ్లీ గాలి పీల్చిన చప్పుడు.

“నేను పారే నీళ్లకి అడ్డుకట్ట వేయలేదు...”

ఇక్కడ ఆమెకి భయం పోయి కోపం వచ్చింది. కళ్లు తెరిచింది.

“వేసినవాడు అదిగో, ఆ మలుపులో కల్లు తాగి పడుకున్నాడు. వాణ్ణి వదిలేసి నా దగ్గరికెందుకు వచ్చావు? ఉల్లి మడిదాన్నని లోకువా?”

నక్క తల కొంచెం పక్కకి వంగింది. తర్వాత చాలా మెల్లగా, ఇబ్బంది పడుతున్నట్టు ఒక గొంతు వచ్చింది.

“అమ్మా... కొంచెం చెయ్యి పట్టుకుంటావా? ఏమీ కనపడ్డం లేదు.”

తమీత్ నోరు తెరిచింది. మూసింది. తర్వాత నేల మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

పూజారి బెకీ! చావుల్లో అనుబిస్ వేషం కట్టేది అతనే కదా. మట్టితో చేసిన ఆ నక్క తలకాయకి చూపు కన్నాలు గడ్డం కింద ఉంటాయి. అది తగిలించుకుంటే తన కాళ్లు తప్ప లోకంలో ఏదీ కనపడదు. అందుకే ఎప్పుడూ ఒకడు పక్కనుండి చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు. ఒకసారి ఆ నడిపించేవాడు తుమ్మేసరికి స్వామివారు పోయి గొయ్యిలో పడటం ఊరంతా చూసింది.

“నిన్ను నడిపించేవాడేడి బాబాయ్?”

“నన్నెవరు నడిపిస్తారు?” అన్నాడు దిగులుగా.

“తాగి ఎక్కడో పడుంటాడు. ఆ తల తీసెయ్యొచ్చుగా మరి?”

“ఇది ఊడి రాదమ్మా.”

చెమటకి అతుక్కుపోయి ఉంటుందనుకుంది. లేచి చెయ్యి అందించింది. అతను పట్టుకున్నాడు. అరచెయ్యి పొడిగా, వెచ్చగా, గరుగ్గా ఉంది. గోళ్లు కొంచెం పొడుగు. ఉప్పులో పని చేసే చేతులు ఇంకెలా ఉంటాయి?

“ఇంటి దగ్గర వదిలిపెడతా, పద.”

“ఇంటికి తొందర్లేదు. నువ్వు ఎటు?”

“కట్ట వైపు.”

“అటే పోదాం. ఆ మలుపులో ఎవరో పడుకున్నారన్నావుగా.”

అప్పుడు పుట్టింది తమీత్ బుర్రలో ఆలోచన. చీకటి. నక్కమొగం. కల్లు మత్తులో నఖీ. ఉప్పుపాక ముందు నిలబడి ఆమె తనలో తాను ముసిముసిగా నవ్వుకుంది.

“బాబాయ్, ఒక చిన్న సాయం చెయ్యి. నువ్వేం మాట్లాడక్కర్లేదు. నేను చెప్పిన చోట ఊరికే నిలబడితే చాలు.”

“నిలబడ్డం నాకు బాగా అలవాటు.”

ఇద్దరూ నడిచారు. బెకీ పగటిపూట ఎప్పుడు చూసినా నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి అంటూ మూలుగుతుంటాడు. ఈ రాత్రి మాత్రం అడుగు చప్పుడు కూడా లేదు.

“నీ మూటలో రొట్టె ఉంది,” అన్నాడు కొంతదూరం పోయాక.

“ఉంది. ఉల్లిపాయ కూడా ఉంది.”

“అది నువ్వు తిను.”

రొట్టె ఇచ్చింది. ఆ తలకాయలోంచి ఎలా తింటాడో చూద్దామని తిరిగేసరికి అయిపోయింది. అంతలో కాలికింద మెత్తగా ఏదో పడింది.

“తోక,” అన్నాడు అతను, ఓర్చుకుంటూ.

“అయ్యో, చూసుకోలేదు బాబాయ్. ఈసారి వేషానికి తోక కూడా కట్టారా?”

“మొదట్నుంచీ ఉంది.”

నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు. వేషం తోక తొక్కితే ఏమొస్తుందో ఎవరూ చెప్పలేదు. తమీత్ నవ్వాపుకుని నడిచింది.

మలుపు తిరగ్గానే నఖీ కుక్క లేచింది. నీడని చూసినా కరిచే రకం అది. పళ్లు బయటపెట్టి దూసుకొచ్చింది. తమీత్ పార ఎత్తింది...

కుక్క మధ్యలోనే ఆగిపోయింది. కడుపు నేలకి ఆనించి, పాక్కుంటూ వచ్చి, అతని కాళ్ల దగ్గర తల పెట్టి పడుకుంది.

“ఎప్పుడు మచ్చిక చేశావు దీన్ని?” గుసగుసగా అడిగింది.

“మచ్చిక కాదు. చుట్టరికం.”

బెకీకి ఇంత హాస్యం ఉందని ఊళ్లో ఎవరికీ తెలియదు.

కట్ట మీద రెల్లు గుడిసె. గుమ్మంలో ఖాళీ కల్లుకుండ. లోపల నఖీ గురక. కట్టకి పైవైపు నిండుగా నీళ్లు, మట్టిని మెత్తగా కొడుతూ... కిందివైపు ఎండిన కాలువ. తమీత్ అతన్ని గుమ్మానికి ఎదురుగా నిలబెట్టి, తను పొద చాటుకి పోయి ఒక బెడ్డ తీసి కల్లుకుండ మీద వేసింది.

గురక ఆగింది.

నఖీ చేతులతో పాకుతూ గుమ్మం దాకా వచ్చాడు. కాళ్లు కనిపించాయి. తల ఎత్తాడు. ఎత్తుతూనే ఉన్నాడు.

“నీ గుండె ఏదీ?”

పొదలో తమీత్ ఉలిక్కిపడింది. మాట్లాడొద్దని చెప్పింది కదా. పైగా ఆ గొంతు... దారిలో రొట్టె అడిగిన గొంతులా లేదు. నేల కింద నుంచి వచ్చినట్టుంది.

“స్వామీ...” నఖీ గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. “నేను చచ్చానా?”

“నువ్వే చెప్పు.”

“నాది... నాది రాసి ఉంది స్వామీ. అన్నీ ఉన్నాయి. బొమ్మలు కూడా వేయించా. ఇంట్లో, పెట్టెలో ఉంది.”

“పెట్టె అక్కడ. నువ్విక్కడ.”

“ఒక్క పరుగున పోయి తెచ్చుకుంటా.”

“చచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఇంటికి పోయి వస్తుంటే నా పని ఎప్పటికి తెములుతుంది?”

నఖీ తల నేలకి కొట్టుకున్నాడు. “నేను... నేను... మొదటిది ఏంటి? స్వామీ, మొదటి మాట ఒక్కటి అందిస్తే చాలు.”

తమీత్ ఇక ఆగలేకపోయింది. పొద చాటునుంచి చావు ఏడుపు గొంతు పెట్టి, సన్నగా, సాగదీసి అందించింది. “నేను దొంగతనం చేయలేదూ...”

ఐసిస్ అమ్మవారే జాలిపడి అందిస్తోందనుకున్నాడు వాడు. వెంటనే అందుకున్నాడు. “నేను దొంగతనం చేయలేదు.”

“నేను పసిబిడ్డ నోటిదగ్గర పాలు లాక్కోలేదూ...”

“లాక్కోలేదు.”

“నేను పారే నీళ్లకి అడ్డుకట్ట వేయలేదూ...”

“నేను పారే నీళ్లకి...”

ఆగిపోయాడు.

మోకాళ్ల కింద ఉన్నది ఆ కట్టే. దాన్ని నీళ్లు కొడుతున్న చప్పుడు వాడికీ వినపడుతోంది.

“నేను పారే...”

నక్కమొగం కిందికి వంగింది. గాలి పీల్చింది. పొడుగ్గా, తీరిగ్గా.

“వేసింది నేను కాదు స్వామీ. పెత్తందారు వేయమన్నాడు.”

“గుండె నీదా, పెత్తందారుదా?”

ఎన్ని రోజులు కాళ్లావేళ్లా పడి అడిగారు ఆడవాళ్లు! హునురో ఎన్ని తిట్లు తిట్టింది, ఎన్ని దండాలు పెట్టింది! చెవిన పడలేదు. ఇప్పుడు ఈ ఒక్క మాట పడింది. వాడు ఏడుస్తూ కట్ట మీద బోర్లా పడి, రెండు చేతులతో మట్టి పెకలించడం మొదలుపెట్టాడు. చేతులతో ఎంతసేపని? తెల్లారిపోతుందని తమీత్ తన పారని పొదలోంచి విసిరింది. అది పోయి వాడి పక్కన దిగబడింది. వాడు ఒకసారి ఆకాశం వైపు చూసి, దండం పెట్టి, పార అందుకున్నాడు.

మట్టి జారింది. నీళ్లు ముందు సన్నగా గుటక వేసినట్టు... తర్వాత ఒక్కసారిగా దూకాయి. నెర్రెలు విచ్చిన కాలువంతా బుసలు కొట్టింది.

తమీత్ ఆ చీకట్లోనే అతని చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించింది. దారంతా నవ్వుతూనే ఉంది. అతను కూడా నవ్వుతున్నట్టే ఉంది — దగ్గులాగా, మొరుగులాగా ఒక చప్పుడు.

“ఇంటిదాకా రానా బాబాయ్?” ఉప్పుపాక దగ్గర అడిగింది.

“ఇల్లొచ్చేసింది.”

చెయ్యి వదిలే ముందు ఒకసారి గట్టిగా నొక్కాడు.

“ఈ చెయ్యి మళ్లీ పట్టుకుంటాలే. అప్పుడు నేను నడిపిస్తా. ఇప్పుడే కాదు... ఇంకా చాలా ఉల్లి పండించాలి నువ్వు.”

తెల్లారేసరికి కింది మళ్లన్నిట్లో నీళ్లు తళతళలాడుతున్నాయి. పెత్తందారు పరిగెత్తుకుంటూ వచ్చాడు. “ఎవడు కొట్టాడు గండి?”

“నేనే కొట్టా,” అన్నాడు నఖీ. “స్వామి కొట్టమన్నాడు. పార కూడా ఆకాశం నుంచి పంపించాడు. అనుమానముంటే ఈ రాత్రి ఇక్కడ పడుకోండి దొరా. మళ్లీ కట్ట వేయాలంటే మీ చేత్తోనే వేయండి.”

పెత్తందారు గండి వైపు చూశాడు. ఉప్పుపాక వైపు చూశాడు. ద్రాక్షకి నీళ్లు ఎక్కువైతే పులుపెక్కుతుందని తనే ఎప్పట్నుంచో అనుకుంటున్నానని చెప్పి వెళ్లిపోయాడు.

చిక్కల్లా పారతోనే వచ్చింది. నఖీ దానికి నూనె రాసి, తామరపూలు చుట్టి, గుడిసెలో నిలబెట్టి రాత్రీపగలూ కాపలా కాయసాగాడు. ‘అది నాది’ అంటే తమీత్ ముక్కు ఉండదు. మడికి నీళ్లొచ్చాయి, తవ్వడానికి పార లేదు.

సరే, ముందు బెకీకి దండం పెట్టి వద్దామని వేడి రొట్టెలు కట్టుకుని పోయింది. బెకీ చాప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నడుముకి పట్టు, పట్టు మీద ఇంకో పట్టు.

“రాత్రి భలే చేశావు బాబాయ్.”

“ఏం చేశానే? పక్క మీద నుంచి లేచి ఎన్ని రోజులైందో మా ఆవిణ్ణి అడుగు.”

“నా దగ్గర దాస్తావేం? రొట్టె కూడా తిన్నావు.”

“రొట్టెకే లేవగలిగితే నాకేం లోటే తల్లీ?”

“మరి ఆ తలకాయ?”

“అదిగో.”

నక్క తలకాయ దూలానికి తలకిందులుగా వేలాడుతోంది. నోటినిండా గడ్డిపోచలు. గడ్డం కింది చూపు కన్నంలోంచి ఒక పిచ్చుక తల బయటపెట్టి తమీత్‌ని తిట్టి లోపలికి పోయింది. లోపల పిల్లల కిచకిచలు.

“అవి ఎగిరేదాకా ఊళ్లో ఎవరూ చావకుండా చూడమని మొక్కుకుంటున్నా,” అన్నాడు బెకీ. “ఏమే... ఎందుకలా నీ చెయ్యి చూసుకుంటున్నావు?”

తమీత్ రొట్టెల మూట మళ్లీ కట్టుకుని లేచింది. ఆ సాయంత్రం, పొద్దు కొండ వెనక్కి దిగకముందే, ఉప్పుపాక చాప పక్కన రొట్టెలు పెట్టింది. మర్యాదకి ఒక ఉల్లికట్ట కూడా పెట్టింది. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది.

పొద్దున్నే హునురోని వెంటబెట్టుకుని వెళ్లి చూసింది.

రొట్టెలు లేవు. ఉల్లికట్ట మాత్రం ముట్టుకోకుండా పక్కకి జరిపి ఉంది. దాని పక్కనే, చాపకి ఆనించి — నూనె రాసి, తామరపూలు చుట్టిన ఆమె పార.